ఎనిమిదిన్నర ఎర్రక్క

ఉరవకొండకి వాన ఇంకా రాలేదు,
విత్తనం బుడ్డలు మటుకు ఇండ్లలోకొచ్చినాయి.
కంబగిరెమ్మ పడసాలలో మూట విప్పి పోస్తే
టీవీ ముందర ఒక గుట్ట.
గుట్ట చుట్టూ మేం ఐదుమందిమి.
కిలోకింతని కూలి, నడుమ నడుమ టీ.
పటపట పటపట
మేం ఒలిచే సప్పుడులో
సీరియల్లో ఎవరేమన్నారో సగమే ఇనపడ్తాది.
మిగిలిన సగం తిప్పక్క చెప్తాది,
తానూ ఇనకుండానే.

తిప్పక్కకి ఆ పెద్దత్తంటే పానం.
అంత చెడ్డదాన్ని ఏం చూసి మెచ్చినావే అంటే
"ఆకలైతే కూసోని తింటాది,
ఎవురూ తినలేదని కాసుకోని ఉండదు" అంటాది.
నలభై ఏండ్లు అడుగంటిన సంగటి గీక్కోని తిన్న మనిషి,
ఆమెతో వాదం పెట్టుకునేదెట్ల?
సుంకమ్మకి ఏడ్చే కోడలే కావల్ల.
తన ఏడుపు తానేడ్సనీకి పొద్దు చాలదంట,
ఆ పిల్ల ఏడుస్తాంటే తన పని అయిపోతాదంట.

నాకు ఎర్రక్క.

ఎవరంటారా? మీరూ చూసింటారు,
చూసినట్టు మీకు తెలీదు.
బంగళాలో సోఫాల ఎనక, మెట్ల పక్కన,
పూలకుండీకి ఇవతల
ట్రే పట్టుకోని నిలబడి ఉంటాది.
కథలో పేరు లేదు, "ఏయ్, కాఫీ" అనేదే పిలుపు.
దినమూ అదే ఎర్రచీర.
పేరు మేమే పెట్టినాం.

వీలునామా యాడ దాచినారో ఎర్రక్కకి తెల్సు.
పాలల్లో ఏం కలిపినారో తెల్సు.
ఆస్తికి అరుచుకునే ఆ ఇంట్లో
ఎవరికి చక్కెర ఎన్ని చెంచాలో
తెలిసిన మనిషి ఆమొక్కతే.
పెద్దత్త కప్పు ఇసిరికొడితే
కెమెరా పెద్దత్త ముక్కుపుటాల కాడికి మూడుసార్లు పోతాది.
నేను తెర అంచున పెంకులేరే చేతులు చూస్తా.
ఒకసారి లేస్తా లేస్తా నడుం పట్టుకునింది.
అది నటన కాదు.
నడుంనొప్పి నాకు తెలీదా?

ఒక బేస్తవారం, బంగళాలో అందరూ
ఒకరి మొగం ఒకరు చూసుకుంటాన్నప్పుడు,
ఎర్రక్క నోరు తెరిచింది.
"అమ్మా, కాఫీ సల్లగైతాండాది."

పది చేతులూ ఒక్కపారి ఆగినాయి.
ఫ్యాను సప్పుడు ఇనపడింది.
అయితాండాది!
మా మాట.
టీవీలోకి మా మాట వచ్చినప్పుడల్లా
కొడవలి పట్టుకోని వస్తాది,
లేదంటే నవ్వులపాలు కానీకి వస్తాది.
ఆ పొద్దు
కాఫీ పట్టుకోని వచ్చింది.

"ఈయమ్మది కళ్యాణదుర్గం పక్కే, పందెం" అనింది వన్నూరమ్మ.
కాదు, గుత్తి. కాదు, మా పుట్టినూరే,
ఆ మూతి విరుపు చూడు.
కాళ్లకి పొట్టు అంటుకోని
ఎర్రక్కకి ఊరు ఎతుకుతా కూసున్యాం.
ఆ రాత్రి ఎవరికీ రెండు కిలోలు తెగలేదు.

మరుసనాడు ట్రే వచ్చింది.
చేతులు వేరే. చీర పచ్చది.
బంగళాలో ఎవరూ అడగలేదు, పెద్దత్త తాగేసింది.
తిప్పక్క మొదటిసారి పెద్దత్తని తిట్టింది,
బొటనేలు పగిలి నెత్తురొస్తాన్నా ఒలుస్తా తిట్టింది.
నేను వారం చూసినా.
పూలకుండీ ఉంది, మెట్లున్నాయి.

కడా మూట నాడు మబ్బు పట్టింది.
టీవీలో ఎవరో ఎవరినో కొట్టినారు, మేం మాటల్లో పడినాం.
ఎనకనుంచి,
"అక్కా, టీ సల్లగైతాండాది."

తిరిగి చూసినా.
గడప కాడ ప్లేటు పట్టుకోని,
ఐదు గ్లాసులు, కూసోనీకి జాగా లేక
నిలబడుకోని ఉంది కంబగిరెమ్మ కోడలు.
ఇరవై దినాలు ఆ పిల్ల టీ తాగినా,
పేరు తెల్దు నాకు.

పొట్టు పక్కకి నెట్టినా,
చీరచెంగుతో బండ తుడిచినా.
"కూసో" అన్యా.
ఆ పిల్ల ముందు టీవీ వైపు చూసింది,
ఎవరినంటున్నానో అని.