ఎంత కిందికి దిగుతది?

కిరాణం కొట్టు కాటా మీద
తువ్వాల పరిచి కెమెరాను పండవెట్టిన.
బ్యాటరీ, మైకు, నెత్తిమీది లైటు అన్ని కలిపి
ఆరు కిలోల మున్నూరు గ్రాములు.
"కిలో ఎంత పడ్డది?" అని నవ్విండు కొట్టాయన.
హైదరాబాద్‌ల మూతవడ్డ ఛానెలోళ్ళది,
సెకండ్‌హాండుల కొన్న.

పాత స్టాండే సరిపోతదనుకున్న.
మొన్న నకిరేకల్ల, తలంబ్రాల యాళ్ళకు,
బిగించిన తల బిగించినట్టే ఉండి
కునుకువట్టిన పిలగాని లెక్క మెల్లగ వంగింది.
ఇంటికొచ్చి చూస్తె
పిల్ల మొఖం నుంచి దండ, దండ నుంచి కొంగు,
కొంగు నుంచి పీట,
పీట అవతల ఎవరిదో పారాణి లేని కాలు.
పిల్ల తండ్రి సగం పైసలే ఇచ్చిండు.
నేను అడుగలే.

గడియారం సెంటర్ల మొయిజ్ భాయ్ దుకాణం.
ముందుగాల ఒకటి తెచ్చిండు, నల్లగ, సన్నగ,
చిటికెనవేలుతో లేపొచ్చు.
"కార్బన్, స్వరూపక్కా. పది కిలోలు మోస్తదని రాసున్నది."
రాత మోస్తదా, కాళ్ళు మోస్తయా?
వేలి కణుపుతో ఒక కాలును తట్టిన.
వణుకు పైదాంక పాకింది,
ఐదు లెక్కవెట్టినా ఆగలే.
దూరపు తుమ్మ మీద కొంగను తియ్యబోతె
ఆ వణుకుకు కొంగ కాదు, తుమ్మనే ఎగిరిపోతది.

ఇంకొకటి. కాళ్ళు మంచియే, తల ఉత్తది.
పక్కకు తిప్పితె తుప్పువట్టిన తలుపు లెక్క
ఆగి, ఆగి, ఒక్కపారే జారె.

మూడోది ఆయన తేలే, నాకే కనవడ్డది
మూలకు, అట్టపెట్టెల ఎనుక:
జంటగొట్టాల కాళ్ళు, నడుమ మూడు చేతుల కట్టు,
తల కింద గిన్నె, గిన్నె అంచుకు
మేస్త్రీల రసమట్టం లెక్క ఒక చిన్న బుడగ.
కెమెరాకన్న స్టాండే బరువు.
ఎక్కించి, ముందుకు వంచి, చెయ్యి తీసేసిన.
ఉన్నకాడనే ఉన్నది.
ఎనుకకు వంచి తీసేసిన.
ఉన్నది.
తేనెల గంటె తిప్పినట్టు తిరిగింది.
తట్టిన. ఒక్కసారి ఊ అన్నది, ఊకున్నది.

మొయిజ్ భాయ్ మురిసి
కాళ్ళు గుంజి గుంజి నా నెత్తి దాటిచ్చిండు.
"మీటింగులల్ల జనం మీదికెళ్ళి తియ్యొచ్చక్కా!"
అందరు అదే అడుగుతరంట, ఎంత ఎత్తు లేస్తదని.

ఎంత కిందికి దిగుతది, అన్న.

ఆయన నా మొఖం దిక్కు చూసిండు.

మర్రిగూడ దిక్కు మా మేనబావ బాలనర్సయ్య.
బడికి నాకన్న ముందు ఉరికెటోడు.
ఊరి బోరు నీళ్ళు ఎముకలకెక్కి
ఒక మోకాలు తూర్పుకు, ఒకటి పడమటికి.
ఇప్పుడు చుట్టుపక్కల బోరుమోటర్లన్ని
ఆయన చేతులల్లనే బతుకుతయి.
నేల మీద కూసుండి రాగితీగ చుడుతడు,
ఇద్దరు పిలగాండ్లకు నేర్పుతుండు.
అది తియ్యాలె. ఎంట్రుకంత తీగ,
స్టాండు వణికితె ఏం కనవడది.
ఇదివరకు కెమెరాలు రాలేదని కాదు.
అందరు నిలవడే తీసిండ్రు,
బాయిలకు తొంగిచూసినట్టు.
"నా మాడు రాష్ట్రమంత చూసిందే,
మొఖమే ఎవ్వలకు ఎరుకలేదు" అంటడు.

మొయిజ్ భాయ్ ఏమనలే.
నడుమ కట్టు ఊడదీసి, కాళ్ళు వెడల్పుకు చాపి,
మూరెడు ఎత్తుకు దించిండు.
తనే ఎదురుంగ బండల మీద కూసున్నడు.
నేను కూసుండి అద్దంల కన్నువెట్టిన.
పదేండ్ల సంది ఈయన దగ్గర బ్యాటరీలు కొంటున్న.
గడ్డం కింద కుట్లు వడ్డ గీత ఉన్నదని
ఇయ్యాల్నే చూసిన.

రెండు పెండ్లిళ్ళ పైసలిచ్చిన, మూడోది బాకీ.
కండక్టరు లగేజీ టికెట్ కొట్టిండు.

బాలనర్సయ్య కొట్టంల నేల అంతా ఎత్తుపల్లాలే.
ఒక కాలు గుంజిన, ఒకటి కుదిచ్చిన,
ఒకదాన్ని గోడమూలకు జరిపిన.
ఆయన వంగి బుడగను చూసిండు, కాళ్ళను చూసిండు.
"మూడు మూడు తీర్ల వంకర. ఐనా చుక్క నడిమిట్లనే ఉన్నదే!"
రికార్డు నొక్కి మొఖం మీదికి తెస్తున్న.
"ముందుగాల తీగ తియ్యి" అన్నడు.
"మొఖం యాడికి వోతది."