ఎర్రమందు

ఈ మందుని మిషన్‌కి అప్పగించం.
నరం దాటి ఒక్క చుక్క చిందినా కండ కాలిపోతుంది.
పక్కనే కూర్చుని, బొటనవేలితో
మెల్లగా నొక్కాలి, పదిహేను నిమిషాలు.
యస్నా నాకు తెలిసింది అలాగే.

పుంటా అరెనాస్‌లో ఆవేళ గాలి.
మనుషులు ఎగిరిపోకుండా
వీధి మలుపుల్లో తాళ్ళు కట్టారు.
ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో కడుపు
పట్టుకుని వచ్చింది. ఇరవై రెండో వారం.
పీతల ఫ్యాక్టరీలో పని.
సిరంజి చూసి, "ఉడికాక మా పీతలూ ఇదే రంగు" అంది.
నవ్వొచ్చో లేదో తెలియకుండానే నవ్వేశాను.

నోట్‌బుక్కులో రెండు కొలతలు రాసుకునేది.
రొమ్ములో గడ్డ, నాలుగు సెంటీమీటర్లు.
బిడ్డ తొడ ఎముక, నాలుగు సెంటీమీటర్లు.
ఆ వారం ఇద్దరూ సరిసమానం.
"చూద్దాం, ఎవరు గెలుస్తారో" అంది,
ఆ గొంతు మాత్రం పందెం కాసేవాళ్ళది కాదు.

వాంతి అయితే అడిగేది,
ఇది బిడ్డదా, మందుదా?
బేసిన్ పట్టుకునేదాన్ని.

బిడ్డకి చేరదు కదా అని
బ్రాంకో ప్రతిసారీ అడిగేవాడు,
టోపీ మడతపెడుతూ, విప్పుతూ.
మధ్యలో మాయ ఉంది, చాలావరకు ఆపుతుంది, అనేదాన్ని.
"చాలావరకు" దగ్గరే అతను ఆగిపోయేవాడు.
మాయని నమ్ముకోమంటున్నానే
అని నాకే అనిపించేది.

మందుకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి
కడుపు మీద డాప్లర్ పెట్టి వినేవాళ్ళం.
రేకు కప్పు మీద వడగళ్ళు పడ్డట్టు
టకటకా టకటకా.
అది వినబడేదాకా గదిలో ఎవరూ కుర్చీ కూడా జరపరు.

ముప్పై నాలుగో వారంలో మందు ఆపారు.
ముప్పై ఏడులో పిల్ల పుట్టింది,
రెండు కిలోల ఆరువందలు.
తల్లి గుండు మీద ఊలు టోపీ.
పిల్లకి టోపీ పట్టనంత జుట్టు.
మాయని డబ్బాలో పెట్టి ల్యాబుకి పంపారు.
తొమ్మిది రోజులకి వచ్చింది రిపోర్టు, ఏమీ లేదని.

మూడో రోజు పాలు పడ్డాయి.
ఇవ్వకూడని పాలు.
సింకు దగ్గర నిలబడి పిండుకుంది,
చప్పుడు బయటికి రాకుండా కుళాయి తిప్పి.
ఆవేళ పీతల మాట ఎత్తలేదు.

నిన్న మళ్ళీ వచ్చింది, మిగిలిన రెండు విడతలకి.
గాలి లేదు. తాళ్ళు మాత్రం ఇంకా విప్పలేదు.
చొక్కా చేయి పైకి మడిచింది.
అలవాటుకొద్దీ డాప్లర్ అందుకున్నాను.
దాన్ని ఇద్దరం చూశాం.
సొరుగులో పెట్టేసి
బొటనవేలు నొక్కడం మొదలుపెట్టాను.