రెండు పసుపులు

కాజీపేట లాబీల సంతకం పెట్టి,
గొట్టంలకు ఊది, తాగలేదని రుజువు చేసుకుని
ఇద్దరం ఇంజన్ ఎక్కుతం.
ఆయన రామ్‌ప్రవేశ్ మహతో, సమస్తీపూర్.
నేను స్వరూప, వరంగల్ కరీమాబాద్.
వెనక యాభై ఎనిమిది ఖాళీ వ్యాగన్లు,
అన్నిటికంటె వెనక, ఎర్రదీపం పక్కన
సాజన్ కురియన్. వాకీటాకీల ఆయన దగ్గు.

మొదటి నెలంత నేను మహతోతోని మాట్లాడలే.
మా చిన్నమ్మ కొడుకు మూడుసార్లు పరీక్ష రాసి
ఇప్పుడు హంటర్ రోడ్డుల టైర్లకు గాలి కొడ్తున్నడు.
వాని సీటు మీదనే ఈయన కూసున్నడని
మా ఇంట్ల అన్నరు.
నేనూ అన్న.

కాని ఇంజన్ల ఒక రూలుంది.
సిగ్నల్ కనవడంగనే ఒకరు పైకి అనాలె,
రెండోవాళ్లు మళ్ల అనాలె.
కోపమున్నా అనాలె.
"డబుల్ యేలో" అంటడు ఆయన, గాలికి ఆరేసిన బట్ట లెక్క.
"డబుల్ ఎల్లో" అంట నేను, రోట్ల పసుపుకొమ్ము దంచినట్టు.
రెండు గొంతులు ఒక రంగు మీద కలిస్తెనే
హ్యాండిల్ మీద చెయ్యి కదుల్తది.
అట్ల రాత్రికి వందసార్లు
నచ్చని మనిషితోని ఒప్పుకున్న.

హసన్‌పర్తి, ఉప్పల్, జమ్మికుంట...
పొత్కపల్లి కాడ ఆయన నాలుక పట్టా తప్పుతది.
"పోట్కాపాలీ" అన్నడు ఒకసారి.
నవ్విన. మంచి నవ్వు కాదది.
తెల్లారి డ్యూటీకి ఒక చిన్న నోట్‌బుక్ తెచ్చిండు,
స్టేషన్ల పేర్లన్ని నాగరి అక్షరాలల్ల,
ఒక్కోదాని పక్కన ఖాళీ జాగ.
"తప్పులుంటె దిద్దండి" అన్నడు.
ఓదెల దాకా దిద్దిన.
కొలనూర్ దాటినంక, నిమ్మలంగ
"ఇప్పుడు మీరు సమస్తీపూర్ అనండి" అన్నడు.
దీర్ఘం మింగేసిన.
ఆయన నవ్వలే.

జనవరి. రేచిని దాటినం. అద్దం ముందట పాలలాంటి మంచు.
చక్రం కింద పటాకా పేలింది.
ఇంకోటి. ఇంకోటి.
బ్రేకు ఏసినంక చానసేపటికి ఆగింది బండి.
లాంతరు పట్టుకుని, గొంగడి కప్పుకుని
పెట్రోల్‌మన్ సిడాం జైతు.
రెండేళ్లు పట్టేంత పగులు పట్టాకు.

"ఎట్ల తెలిసింది?" మహతో హిందీల అడిగిండు.
జైతు తెలుగుల సగం గోండి, పావు మరాఠీ.
"రాత్రంత ఈ పట్ట ఒక్కతీరుగ పలుకుతది అక్కా,
సుత్తితోని కొట్టుకుంట వస్తున్న.
ఈడికొచ్చేవరకు మూగవోయింది."
నాకు అర్థమైనకాడికి హిందీ చేసిన.
మహతో దాన్ని సాజన్‌కు చెప్పిండు.
సాజన్ ఇంగ్లీషుల కంట్రోల్‌కు చెప్పిండు.
నాలుగు నోళ్లు దాటినంక
"రైల్ ఫ్రాక్చర్" అని రెండే ముక్కలు మిగిలినయి.
పలుకుడు, మూగవోవుడు
తొవ్వల యాడనో జారిపోయినయి.

బల్లార్షా రన్నింగ్ రూంల రిపోర్టు రాస్తున్నం.
"పెట్రోల్‌మన్ చూసెను" అంటె సరిపోతది, గడి చిన్నది.
మహతో పెన్ను ఆపిండు.
"చూడలే గదా, విన్నడు. పేరేంది ఆయనది?"
ఆయన ఒకతీరు రాసిండు, సాజన్ ఇంకోతీరు దిద్దిండు,
నేను రెండూ కొట్టేసి మూడోతీరు రాసిన.
గడి దాటి అంచు మీదికి పోయింది పేరు.

తిరుగు ప్రయాణంల అదే జాగ, ముప్పై స్పీడు.
పచ్చజెండ పట్టుకుని నిలబడ్డడు.
కిటికీలకెళ్లి పేరు పెట్టి పిలిచిన.
చెయ్యి అడ్డంగ ఊపిండు, కాదన్నట్టు,
నోరు పెద్దగ తెరిచి తన పేరు తనే అన్నడు.
గాలికి సగమే వినవడ్డది.
మహతో నోట్‌బుక్ తీసిచ్చిండు: "రాయండి."
ఏం రాయాల్నో తెలువక
ఖాళీ జాగ ఉంచి, కింద గీత గీసిన.

మా తమ్ముని టైర్ల దుకాణం ముందట
ఇప్పటికీ తల వంచుకునే పోత.
ఆ లెక్క తెగలే.

మంచుల దూరంగ రెండు చుక్కలు.
ఎర్ర కాదు, పచ్చ కాదు.
ముందల ఏముందో ఎరుక లేదు, జర నిమ్మలంగ రమ్మని.
ఎవరు ముందన్నరో యాదికి లేదు.
ఇద్దరం అన్నం.