తోరీ

వార్డు ఆఫీసు నుంచి నిషివాకి వచ్చి
తోరీ ఒకటి కావాలన్నాడు,
గుడి ముందుండే ఎర్ర గుమ్మం.
మోకాలెత్తు చాలట,
గోడకి మేకుతో తగిలించేలా.

"ఏ దేవుడికి?" అన్నాను అలవాటుగా.
"దేవుడొద్దు, గుమ్మం చాలు,
చెత్త పడేయకుండా" అన్నాడు,
రసీదు పుస్తకం వైపు చూస్తూ.

ఇనుప సామాన్ల కొట్టు నాది,
అమాగసాకిలో, రైలు వంతెన కింద.
రెండు నిలువు కర్రలు, రెండు అడ్డ కర్రలు,
పైపులకి వేయగా మిగిలిన ఎరుపు రెండు పూతలు.
పద్దెనిమిది వందల యెన్‌లు, పన్ను అదనం.
మంత్రం లేదు, పూజారి లేడు,
ఆరడానికి మాత్రం ఒక పూట పట్టింది.

మూతపడ్డ టోఫూ కొట్టు వెనక సందులో
నేనే వెళ్లి బిగించాను.
జరిమానా బోర్డు పక్కనే ఉంది, ఏడేళ్లుగా.
అంకె మీద ఎవరో చూయింగ్ గమ్ అంటించారు.

మర్నాటి నుంచి
ఒక్క సీసా లేదు, ఒక్క సిగరెట్ పీక లేదు.
తాగొచ్చి ఆ గోడే తడిపేవాళ్లు
బెల్టు మీద చెయ్యి వేసి
తలెత్తి చూసి
చెయ్యి తీసేశారు.
బడిపిల్ల ఒకతె ఆగి దండం పెట్టింది.
ఎవరో అయిదు యెన్‌ల బిళ్ల పెట్టి వెళ్లారు.
నాకు నవ్వొచ్చింది. తర్వాత కొంచెం భయమేసింది.
నా చేత్తో రంగేసిన దాని ముందు
ఒక రోజు నేనే టోపీ తీశాను.
ఎవరూ చూడలేదు లెండి.

నవంబరులో, కొట్టు కట్టేసి వస్తుంటే
ఒకాయన పరుపు మోసుకొస్తున్నాడు.
సందు మొదట్లో ఆగాడు.
ఎర్ర కర్రలకి తల వంచాడు,
మనస్ఫూర్తిగానే,
పరుపు వీపు మీద ఉండగానే.
ఇంకో ఇరవై అడుగులు వేసి
పక్క సందులో దించేసి పోయాడు.

రాత్రంతా వాన.

తెల్లారుజామున
భోజనం డబ్బాల ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి
ఇసోగాయ్ ఫుమి ఇంటికొచ్చేసరికి
ఆ పరుపు ఆమె తలుపుకి అడ్డం.
ఇంకా చేతి తొడుగులు కూడా తీయలేదు.
ఎవరు పడేశారో చెప్పబోయాను.
ఆమె అడగలేదు.

"మీ గోడకీ ఒకటి చేసిస్తాను,
డబ్బులేం వద్దు" అన్నాను.

"అప్పుడిది మూడో సందుకి పోతుంది.
అక్కడ కడుపుతో ఉన్న పిల్ల ఉంటోంది" అంది.
తర్వాత,
నేనింకా నిలబడే ఉన్నానని చూసి,
"ఆ కొస పట్టుకోండి."

పట్టుకున్నాను.
ఇంత బరువుంటుందనుకోలేదు.