ఉప్పా, చప్పనా

రాత్రి రెండూ ఇరవైకి
నీళ్ళు తోడే మోటారు దానంతటదే గుర్రుమంది.
అడుగున నీళ్ళు చేరితే తప్ప నోరెత్తదది.
ఆగింది.
నేను మళ్ళీ కళ్ళు మూసేలోపు
మళ్ళీ గుర్రుమంది.

నేల చెక్క ఎత్తి చెయ్యి ముంచాను,
మణికట్టు దాకా.
వేలు నాలిక మీద పెట్టుకున్నాను.
పడవలో కాపురం ఉండేవాళ్ళకి మొదటి పరీక్ష ఇదే:
చప్పగా ఉంటే నా తాగునీళ్ళ ట్యాంకు కారుతున్నట్టు,
తిట్టుకుని పడుకోవచ్చు.
ఉప్పగా ఉంటే
బయటిది లోపలికొస్తున్నట్టు.

కొంచెం డీజిలు, కొంచెం నిన్నటి ఉల్లిపాయ,
వాటి కింద
ఉప్పు.

అరౌసా అఖాతంలో లంగరు వేసి ఉన్నాను.
చుట్టూ ఆల్చిప్పలు పెంచే చెక్క తెప్పలు
నల్లగా, వరసగా, సెలవుల్లో పరీక్ష హాలు బల్లల్లా.
ఎక్కడో కంబాడోస్ దీపాలు.
ఫోను చేస్తే ఎవరో ఒకరు వస్తారు,
పొద్దున్న తొమ్మిదికి, కాఫీ తాగాక.
నీళ్ళకి కాఫీ అలవాటు లేదు.

ముప్పై ఏళ్ళు వీగోలో పళ్ళ డాక్టరు పక్కన నిలబడ్డాను.
"నోరు ఇంకాస్త తెరవండి" అనడం నా ఉద్యోగం.
మానేసిన రోజు ఒక్క అద్దం జేబులో వేసుకొచ్చాను,
పొడుగు కాడ, గోరంత మొహం.
ఇప్పుడు టార్చిలైటు పళ్ళతో పట్టుకుని
ఇంజను వెనక్కి ఆ అద్దం దూర్చి
వెతుకుతున్నాను
పుచ్చు ఎక్కడుందా అని.

రబ్బరు గొట్టం. దాన్ని బిగించి పట్టిన ఇనప పట్టీ
తుప్పుకి తెగింది.
పడవ ఊగినప్పుడల్లా గొట్టం ఓ గుక్కెడు వదుల్తోంది,
నిద్రలో చొంగ కార్చే పిల్లాడిలా
ఏ పాపం ఎరగనట్టు.

ముందు కింది మూత తిప్పి సముద్రాన్ని ఆపాలి.
మూత తిరగదు.
ఎనిమిదేళ్ళుగా ఎవరూ పలకరించలేదేమో,
అలిగింది.

అప్పుడు కనపడింది, అద్దంలో,
ఎడమదీ కుడిదీ తారుమారై,
అర లోపలి గోడ మీద పెన్సిలు రాత.
ఎలాదియోది. నాకీ పడవ అమ్మినాయన.
అక్షరం అక్షరం తిప్పి చదువుకున్నాను:
"ఇక్కడ కుడి చెయ్యి పట్టదు. ఎడమది పెట్టు. కోపం తెచ్చుకోకు."
అమ్మేటప్పుడు ఒక్క ముక్క అనలేదు ముసలాయన!
ఏ గాలికి ఎలా నడుస్తుందో గంటసేపు చెప్పాడు,
తుప్పు సంగతి మాత్రం గోడకి చెప్పుకున్నాడు.

ఎడమ చెయ్యి పట్టలేదు.
కణుపుల మీద తోలు లేచింది.
కోపం తెచ్చుకున్నాను. ఏడ్చాను కూడా,
ఓ రెండు నిమిషాలు;
మధ్యలో మోటారు అందుకుంది
నాకన్నా గట్టిగా.
ఇక దానికే వదిలేశాను.

గడియారం విప్పి, కుడి చేతికి వంటనూనె రాసి
దూర్చాను.
పట్టింది.
కిర్రుమని పావు చుట్టు. ఇంకో పావు.

డబ్బాలో కొత్త పట్టీలు ఏడున్నాయి,
ఒక్కటీ ఆ కొలతది కాదు.
రెండు చిన్నవి విప్పి, తోకకి తల తగిలించి
ఒక్క పెద్దది చేసి
బిగిస్తూ పోయాను,
డాక్టరు అనే ఆ విసుగు గొంతుతోనే
"చాలు" అని నాకు నేను అనుకునేదాకా.

ఐదున్నరకి తెప్పల వాళ్ళ పడవ పక్కనుంచి పోయింది.
రబ్బరు ప్యాంటులో షుర్షో చెయ్యెత్తాడు.
"రాత్రంతా దీపం వెలుగుతోందేం, ఉషీయా?"
"పుస్తకం చదువుతున్నా" అన్నాను.
ఎందుకలా అన్నానో.

పెన్సిలు వెతికి ఆయన రాత కింద రాశాను:
"కుడి చెయ్యే. గడియారం తియ్యి. నూనె."
కోపం గురించి ఏమీ రాయలేదు.

ఇప్పుడు మోటారు గుర్రుమనడం లేదు.
అనడం లేదని వింటూ కూర్చున్నాను,
అరచేతిలో ఒక మరమేకు.
అన్నీ బిగించాక మిగిలింది.
ఎక్కడిదో.