చేబదులు

టార్టులో ఫిబ్రవరి. ఏరు గడ్డకట్టి పదిరోజులు.
మూడో అంతస్తులో లీవిక ఒక్కతే మేలుకుని ఉంది.
రై రొట్టె ముక్క, చల్లారిన కాఫీ,
తెర మీద ఎక్కుతూనే ఉన్న ఒక అంకె.

ప్రోగ్రాము చిన్నదే. చేసే పనీ చిన్నదే:
ఒక జాబితాను తిరగేయడం, మళ్ళీ తిరగేయడం.
కంపైలర్ దాన్ని సి భాషలోకి దించుతుంది,
దించుతూ ప్రతి విలువ నుదుటా ఒక లెక్క రాస్తుంది:
నిన్ను ఎందరు పట్టుకున్నారు?
పట్టుకుంటే ఒకటి కలుపు, వదిలితే ఒకటి తీసెయ్.
సున్నా అయిన క్షణాన
ఆ చోటు ఇంకొకరిది.

అలా జరగాలి.
జరగడం లేదు.
తెల్లవారుజాముకి నాలుగు గిగాబైట్లు,
ఎవరికీ అక్కర్లేని జాబితాలు,
నుదుట ఇంకా ఒకటి అంకె చెరగకుండా.
పిలిచేవాళ్ళు లేరు, పోనిచ్చేవాళ్ళూ లేరు.

వెతగ్గా వెతగ్గా
ఆరేళ్ళ కిందటి వరుస దొరికింది. కారెల్ రాసింది.
పక్కనే వ్యాఖ్య: "ఇక్కడ ఒకటి ఎక్కువే ఉండనీ. ఎందుకో అడక్కండి."
కారెల్ ఇప్పుడు సారెమా దీవిలో తేనెటీగలు పెంచుతున్నాడు,
పొద్దున్నే లేస్తాడు. ఫోను చేసింది. నవ్వాడు.
"భయం, లీవికా.
ఎవరో ముందే విడిచేసినదాన్ని
ఉందనుకుని ముట్టుకుంటే కూలిపోతాం కదా.
కూలడం కన్నా కారడం నయమనుకున్నా."

ఆమె ఏమీ అనలేదు.
ఆ వరుసనే చాలాసేపు చూసింది.

చూసి పోయేవాడికి పద్దెందుకు?
పొడవెంతో అడిగి వెళ్ళే ఫంక్షన్
జాబితాను సొంతం చేసుకోదు,
చేబదులు తీసుకుంటుంది, అంతే.
నోటు లేదు, సాక్షి లేడు,
కలిపేది లేదు, తీసేది లేదు.
ఇచ్చినవాడు గుమ్మంలోనే నిలబడి ఉంటాడు,
తిరిగి ఇచ్చేదాకా కదలడు.

ఇక లెక్క ఒకటే మిగిలినచోట
కొత్త గది అడగడం దేనికి?
పోయేవాడి మంచం ఇంకా వెచ్చగా ఉండగానే
వచ్చేవాడికి దుప్పటి మార్చి ఇచ్చింది.

ఏడున్నరకి, ఇంకా చీకటిగానే,
పదకొండు మెగాబైట్ల దగ్గర
అంకె ఒకసారి ఊగి నిలబడింది.

ఒకదాన్నొకటి పట్టుకుని వదలని
రెండు పెట్టెలు ఉన్నాయి ఇంకా.
వాటికి ఈ లెక్క చాలదు.
వాటి సంగతి సోమవారం.

ఎక్కువైన ఆ ఒకటిని చెరిపేసింది.
కారెల్ వాక్యాన్ని మాత్రం అక్కడే ఉంచింది.
కంపైలర్ దాన్ని ఎలాగూ చదవదు.