నీలం చుక్క

ఈనిన మూడో రోజుకే
పాలు పెరుగై తిరిగొస్తున్నాయి పందిపిల్లల నోళ్ళలోంచి.
గడ్డి మీద పసుపు నీళ్ళు.
హునాన్ కొండల్లో జనవరి; పాక లోపల
ఎర్ర బల్బు కింద పద్నాలుగు వణుకులు.

పెంగ్ సుచిన్ వాటిని లెక్కపెట్టదు.
లెక్కపెడితే తగ్గుతాయని ఆమె అత్త చెప్పింది.

లెక్కపెట్టడానికే వచ్చాడు తియన్ వెన్‌లు,
బూట్లకు ప్లాస్టిక్ తొడుగులు, సంచిలో విటమిన్ పొడి.
"ఈ కరోనా మనుషులది కాదక్కా, పందుల పేగులది.
లోపలికి దూరకుండా ఇది గొళ్ళెం వేస్తుందేమో చూడాలి."
ఆ 'ఏమో' దగ్గర ఆమె చెవి ఆగింది.

ఏడింటి వీపున నీలం చుక్క: వాటికి పొడి.
మిగతా ఏడింటికి ఉత్త పంచదార నీళ్ళు.
"తేడా తెలియాలి కదా."

తేడా ఆమెకు తెలుసు.
నిరుడు గుంటలో సున్నం చల్లింది తనే.
తల్లిపంది మాత్రం ఎవరి చుక్కా చూడకుండా
పక్కకు ఒరిగి పొదుగు చాపింది.

రాత్రి సుచిన్ బొటనవేలు ఉమ్మితో తడిపి
ఒక్కో వీపూ తుడిచింది.

పొద్దున పద్నాలుగూ ఒకే గులాబి రంగు.
వెన్‌లు పుస్తకం మూశాడు. తెరిచాడు. కేకలేశాడు.
"నా ఆరు నెలలు!"
"మురికిగా ఉంటే కడిగాను" అందామె.

చాలాసేపటికి, డ్రాపర్ నింపి,
మొదటి నోరు తెరిచాడు, తర్వాత రెండోది,
పద్నాలుగోది దాకా.

తొమ్మిది బతికాయి.
ఏ తొమ్మిదో అడగొద్దు,
పొడి పనిచేసిందా అనీ అడగొద్దు.
ఆ పేజీలో వెన్‌లు పెట్టుకున్నది
ఒక్క నీలం చుక్క.